పిల్లనిచ్చినోళ్ళం

దేవేంద్ర సారు నా నాలుగో అధ్యాయాన్ని టేబుల్ మీద పడేసి, "ఇది థీసిసా, బోరింగు కాడ బిందెల కొట్లాటా?" అన్నాడు.

ఇరవై మూడు పేజీలు. ఎర్రసిరా తగలని పేజీ ఒక్కటీ లేదు. కొన్నిచోట్ల నా వాక్యం కొట్టేసి పక్కన తన వాక్యం రాశాడు. కొన్నిచోట్ల రాయడానికి కూడా చెయ్యి రాక, గీత మీద గీత గీసి వదిలేశాడు. పదకొండో పేజీలో కాగితం చిరిగిపోయి ఉంది.

"సార్, అవన్నీ ఆమె అన్న మాటలే. నేను కల్పించింది ఒక్కటీ లేదు."

"అన్నవన్నీ రాస్తారా? బయట్నుంచి ఎక్స్‌టర్నల్ వస్తాది. ఇంగ్లీషులో ఇవి చదివితే మన సీమ ఆడోళ్ళ గురించి ఏమనుకుంటాది?"

"తిడతారనుకుంటాది సార్."

"ఎకసెక్కాలొద్దు ఈశ్వరీ." కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "తిట్లనే మాట తీసెయ్. ప్రార్థన అని పెట్టు. అర్థమైందా? లోపల కూడా అట్లే మార్చుకోని రా. అప్పుడు సంతకం పెడతా."

ఆయన సంతకం లేకపోతే వైవా లేదు. వైవా లేకపోతే నాలుగేళ్ళ బి.ఏ. ఆనర్స్ ఇంగ్లీషు పట్టా లేదు. పట్టా లేకపోతే జూన్‌లో ఎం.ఏ. సీటు లేదు. ఇది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నేను కాగితాలు తీసుకుని బయటికి వచ్చాను.

ఆ తిట్ల సంగతి చెప్పాలి.

మా ఊరు కుందుర్పికి ఆరు కిలోమీటర్లు. మృగశిర కార్తె ఎండగా పోయి, ఆరుద్ర కూడా గాలి తప్ప ఏమీ తేకపోతే, మా ఊరి ఆడవాళ్ళు ఒక మిట్టమధ్యాహ్నం ఎండిన వంకలోకి దిగుతారు. మగవాళ్ళెవరూ రాకూడదు. వంకలో ఒక గుండ్రాయికి తలగుడ్డ చుట్టి, మసితో మీసాలు దిద్ది, చాప మీద కూర్చోబెడతారు. అదే వానదేవుడు. కాళ్ళు కడుక్కోమని ముందు ఖాళీ చెంబు పెడతారు. ఆ తర్వాత తిట్టడం మొదలు.

దండం పెట్టరు. కొబ్బరికాయ కొట్టరు. ఎందుకంటే మా ఊరి లెక్కలో మా మెట్టనేల ఊరి కూతురు. వానదేవుడికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఆయన ఊరి అల్లుడు. పెళ్ళాన్ని వదిలేసి సముద్రం పక్కన తిరిగే అల్లుణ్ణి అత్తలు ఏం చేస్తారు? పిలిచి నిలబెట్టి కడిగేస్తారు. అంతే.

ఆ తిట్లకు పెద్దదిక్కు హనుమంతమ్మ. డెబ్బై దాటింది. మాకు చుట్టం కాదు గానీ ఊరంతటికీ అవ్వే. రెండెకరాల మెట్ట, నాలుగు మేకలు, ఊళ్ళో ఎవరి చేనుకు పిలిచినా కూలికి పోతుంది. ఆమె నోట్లో ఉన్న తిట్లు ఆమెతో పాటే పోతాయని నాకు మూడో ఏడాదిలోనే భయం పట్టుకుంది. అందరూ పాత నవలల మీద, పాత థీసిస్‌లు చూసి కొత్త థీసిస్‌లు రాస్తుంటే, నేను ఇది రాస్తానన్నాను. అప్పుడు దేవేంద్ర సారే భుజం తట్టాడు. "బాగుందమ్మా, కొత్తగా ఉండాది" అన్నాడు. ఏముందో చదవకముందు అన్ని సంగతులూ బాగానే ఉంటాయి.

జనవరిలో, కందికట్టె కొట్టడం అయిపోయాక ఆమె దగ్గరికి వెళ్ళి, సెల్‌ఫోన్ ముందు పెట్టి తిట్లు చెప్పమన్నాను.

"ఎవుర్ని తిట్టేది?" అంది.

"వానదేవుణ్ణే అవ్వా. ఊరికే చెప్పు. నేను రాసుకుంటా."

"యాడుండాడు?"

"ఎవురు?"

"అల్లుడు. ఎదురుగా మనిషి లేకుండా తిడితే అది తిట్టు కాదు పాపా, చాడీ. మా వంశంలో చాడీలు చెప్పేటోళ్ళు లేరు." కొంచెంసేపు నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు కూచో" అంది.

కూర్చున్నాను. చనిపోయిన భర్త టవాలు తెచ్చి నా తలకు చుట్టింది. పొయ్యిలో మసి తీసి మూతి మీద రాసింది. పక్కింటి బయమ్మ గోడ మీద నుంచి చూసి, "ఓయమ్మో, కుళ్ళాయప్ప కూతురికి మీసాలొచ్చినాయే" అని నవ్వింది. నేనూ నవ్వాను. అవ్వ నవ్వలేదు. చేట పట్టుకుని, దాన్ని చేత్తో చరుస్తూ నా ఎదురుగా నిలబడింది.

"ఏమప్పా అల్లుడా, యాడ సచ్చినావు ఇన్నాళ్ళు? పిల్లనిచ్చినామా, పీనుగనిచ్చినామా నీకు? మా పిల్ల నోరు తెరుచుకోని నెర్రెలు బారి పడుంటే, సముద్రం పక్కన సవతి ఒళ్ళో తలకాయ పెట్టి కునుకు తీస్తాండావా? ఆడ ఊర్లకు ఊర్లు ముంచుతావంటనే. ఈడికొచ్చేతలికి నీకు ఒళ్ళు నొప్పులా? వచ్చినా ఏం పీకినావు? రెండు చుక్కలు ఉచ్చబోసి పోయేదానికి నువ్వు మొగునివా, కుక్కవా? ఉరుములు ఎవురికి? మాకా? నీ గొంతు పూడ! మెరుపులు ఎవురికి కన్నుగొట్టేదానికి? ఇత్తనం మింగినావు. ఎద్దులను మింగినావు. మా ఇండ్లలో మగోళ్ళను బెంగళూరుకు తరిమి మట్టి మోయించినావు. ఇంగ మిగిలింది మేమే. రా, మింగు! నోరు పడతాదా?"

గంటా పది నిమిషాలు. మొదటి పది నిమిషాలు నవ్వు ఆపుకున్నాను. ఆ తర్వాత ఆపుకోవాల్సిన అవసరం రాలేదు. ఆమె కళ్ళు నన్ను చూడడం లేదు. నా మీసాలను చూస్తున్నాయి. ఏ సంవత్సరం ఏ చేను ఎండిందో, ఏ సంవత్సరం ఎవరు ఊరు విడిచారో పేరు పేరునా అడుగుతోంది. నాకు తల ఎత్తి కూర్చోవడం చేతకాలేదు. అయిపోయాక టవాలు తీసేసి, "పో, మొగం కడుక్కో" అంది మామూలుగా.

దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. చేట చప్పుడు వాక్యంలో వినిపించాలి. అత్త గొంతు వినిపించాలి. ఇంగ్లీషులో అల్లుడికి మాట ఉంది గానీ ఆ మాటలో మన అల్లుడు లేడు. అల్లుడంటే ఏమిటో, పిల్లనిచ్చినవాళ్ళ హక్కు ఏమిటో వివరిస్తూ నాలుగు పేజీల ముందుమాట రాశాను. పచ్చిమాటను పచ్చిగానే ఉంచాను. నా జీవితంలో నేను రాసిన మంచి ఇంగ్లీషు అదే. ఆ పదకొండో పేజీయే చిరిగిపోయింది.

హాస్టల్లో నా రూమ్మేట్ నందిని గార్లదిన్నె పిల్ల. మంచిదే, కానీ ప్రతిదానికీ దగ్గరదారి వెతుకుతుంది. మంచం మీద బోర్లా పడుకుని ఎర్రసిరా పేజీలు తిప్పి, "ఏమే, వానదేవుడు వచ్చి నీ థీసిస్ చదువుతాడా? మార్చి పారెయ్. పట్టా చేతికొచ్చినాక నీ ఇష్టమొచ్చినట్ల తిట్టుకో" అంది.

"అది అవ్వ మాటే, నాది కాదు."

"అవ్వ చదువుతాదా?"

చదవదు. ఆ మాట నన్ను పట్టుకుంది. చదవని మనిషికి ఏం చేసినా తెలియదు కదా అనే మాట ఎంత సులువుగా తలకెక్కుతుందో, ఎక్కినవాళ్ళకే తెలుసు.

మర్నాడు మధ్యాహ్నం కూర్చున్నాను. అల్లుడు ఉన్న చోటల్లా 'లార్డ్' పెట్టమని కంప్యూటర్‌కు చెబితే అరక్షణంలో పెట్టేసి, అరవై నాలుగు మార్చానని లెక్క కూడా చెప్పింది. 'యాడ సచ్చినావు' ఉన్నచోట, 'ప్రభూ, నీ ముఖం మాకు ఎందుకు దాచావు' అనే సారు వాక్యం దింపాను. 'రెండు చుక్కలు ఉచ్చబోసి' పోయి 'కొద్దిపాటి జల్లులు' అయింది. బెంగళూరు, మట్టి, ఎద్దులు అన్నీ పోయాయి. వాటి స్థానంలో 'మా ఓర్పును పరీక్షించకు' వచ్చింది. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. సారు సంతకం పెట్టాడు. "ఇప్పుడు చూడు, ఎంత హుందాగా ఉండాదో" అన్నాడు. నల్ల రెక్సిన్ అట్ట, బంగారు అక్షరాలు, నాలుగు కాపీలు.

ఇంకొక్క కాగితం మిగిలింది. జనం నోటి నుంచి పాటలో కథలో సేకరించిన థీసిస్ అయితే, చెప్పినవాళ్ళు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. 'ఇందులో ఉన్నది నాకు చదివి వినిపించారు, ఇది నేను చెప్పిందే' అని. మా డిపార్ట్‌మెంట్ పెట్టిన నియమం. వైవా సోమవారం. శుక్రవారం కళ్యాణదుర్గం మీదుగా బస్సెక్కి ఊరికి పోయాను.

అవ్వ గడప లోపల కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. థీసిస్ చేతికిచ్చి, విన్నాక ఒక ఫారం మీద వేలు పెట్టాలని చెప్పాను. అట్ట తడిమి చూసింది. బంగారు అక్షరాల మీద వేలు పెట్టి, "ఈడ నా పేరుందా?" అంది.

"లోపలుంది."

"సరే, చదువు. ఇంటాను."

నేను ఆలోచించుకునే వచ్చాను. నాలుగో అధ్యాయం తెరిచి, ఇంగ్లీషు పేజీ మీద కళ్ళు పెట్టి, నోటితో మాత్రం ఆమె తెలుగు తిట్లనే వల్లించడం మొదలుపెట్టాను. రెండు నెలలు వాటితో కాపురం చేసినదాన్ని, ఒక్క ముక్క తప్పలేదు. మధ్యమధ్య పేజీ తిప్పుతున్నాను. అవ్వ కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో నా తెలివికి నాకే ముచ్చటేసింది.

"బాగుండాది" అంది చివర. "ఇంగ ఇంగ్లీషులో చదువు."

"నీకేం తెలుస్తాది అవ్వా?"

"తెలీకపోతేనేమి. దొరల మాటలో అల్లునికి ఎట్ల తగుల్తాదో ఇనాల."

తప్పదు. చదివాను. మొదటి పేరా అయ్యేసరికి అవ్వ చేతిలో చింతపండు ఆగిపోయింది. రెండో పేరాలో కళ్ళు తెరిచింది.

"ఆగు. ఆ లార్డ్ అంటే ఎవురు?"

నేను పేజీ తిప్పబోయాను.

"నేను జాకబ్ వాళ్ళ చేన్లో కలుపు తీసేటప్పుడు పొద్దున లేస్తే ఇంటా ఆ మాట. ప్రైజ్ ది లార్డ్ అంటారు, చేతులెత్తి. దేవుని ముందర అనే మాట అది. అయిదుసార్లు అన్న్యావు ఇప్పుడు. ఎవుర్ని?"

"వానదేవుణ్ణి అవ్వా."

"అల్లుణ్ణి లార్డ్ అన్న్యావా?"

"ఇంగ్లీషులో అట్లే..."

"అబద్ధాలొద్దు! ఇందాక తెలుగులో చదివింది ఆ పుస్తకంలోది కాదు. తిట్టుకు ఊపుంటాది పాపా, ఏ భాషయినా. కుక్కను అదిలించినా తెలుస్తాది. నువ్వు చదివేది సాగదీస్తాంది. అడుక్కుంటాంది. ఏమని రాసినావు? నిజం చెప్పు."

చెప్పాను. ఒక్కొక్క ఇంగ్లీషు వాక్యానికీ అర్థం తెలుగులో చెప్పాను. ప్రభూ కరుణించు. నీ బిడ్డలం. నీ ముఖం దాచకు. మా ఓర్పును పరీక్షించకు.

అంతా విని లేచి నిలబడింది. చింతపండు ఒడిలోంచి నేలపాలయింది.

"నా మొగుడు బాయిలో బండ పడి సచ్చినపొద్దు కూడా నేను ఆకాశం దిక్కు చేతులు జోడించలేదే! మా అమ్మ జోడించలేదు. దాని అమ్మ జోడించలేదు. మేము పిల్లనిచ్చినోళ్ళం. అడుక్కునేటోళ్ళం కాదు. అల్లుని కాళ్ళు పట్టుకుంటే ఆ పిల్ల గతేమి? రేప్పొద్దున దానికి దిక్కెవరు? మేము మొగం మీద అడిగేటోళ్ళం కాబట్టే వాడు ఎప్పుడో ఒకపొద్దు సిగ్గొచ్చి వస్తాండాడు. నువ్వు నా నోట్లో బిచ్చం పెట్టినావు."

"సారు మార్చమన్న్యాడు అవ్వా. లేకపోతే సంతకం పెట్టనన్న్యాడు."

"సారు మార్చమంటే నీకు చెయ్యెట్ల ఆడింది? నా ఎదురుగా మీసాలు పెట్టుకోని కూచున్నది సారా, నువ్వా?"

తలుపు దగ్గర బయమ్మ వచ్చి నిలబడి ఉంది, ఈసారి నవ్వకుండా.

అవ్వ మళ్ళీ కూర్చుని, "ఆ ఫారమేదో తీయి" అంది. "వేలు పెట్టాల కదా. పెడతా. దాని కింద జాగా ఉండాదా?"

"ఉంది."

"రాయి. తెలుగులో రాయి. ఇందులో ఉండేది నా మాట కాదు. నేను అల్లుణ్ణి తిట్టినా. అడుక్కోలేదు. తప్పు రాసింది ఈ పిల్ల. రాయించింది వాళ్ళ సారు. రాసినావా?"

రాశాను. ఇంకేదైనా రాసి ఉండొచ్చు. ఈసారి కనిపెట్టడానికి ఆమెకు ఏ లార్డూ దొరకడు. అయినా రాశాను. ఆమె వేలు నొక్కి, ఫారం నా మీదికి నెట్టి, మళ్ళీ గింజ తీయడం మొదలుపెట్టింది. నేను పోయేటప్పుడు తల ఎత్తలేదు.

శనివారం అనంతపురంలో కాలేజీ ఎదురుగా ఉన్న డి.టి.పి. సెంటర్‌కు పోయాను. దాన్ని నడిపే ఓబులేసన్నే నా కాపీలు కట్టింది. ఫారం చదివి నోరు వెళ్ళబెట్టి, ఆ తర్వాత పకపకా నవ్వాడు.

"ఏమప్పా ఈశ్వరీ, ఇది పెట్టి పోతావా? నీకేమన్నా పిచ్చా? ఫారం ఇంకోటి తీస్తా, ఉండు. నా బొటనవేలు పెడతా. ఈ కాలేజీలో పాసైన అవ్వలందరి వేలూ నాదే."

అని ప్రింటర్‌లోంచి ఖాళీ ఫారం తీసి, స్టాంపు ప్యాడ్ తెరిచి, నిజంగానే వేలు అద్ది ఎదురుచూశాడు. ఊదారంగు అద్దిన ఆ వేలిని చూస్తూ నిలబడ్డాను. ఒక్క నొక్కుడు. ఆ తర్వాత జూన్, ఎం.ఏ., ఇంకో ఊరు. అవ్వకు తెలియదు. సారుకు తెలిసినా నోరెత్తడు. నందిని అయితే ఈపాటికి ఇంటికి పోయి ఉండేది.

ఓబులేసన్న నవ్వుతూనే, "పేరేమి ఈ అవ్వది?" అని అడిగాడు. వేలు పెట్టబోతూ పేరు అడిగాడు. ఎన్ని పేర్ల మీద ఆ వేలు పడిందో. అవ్వలు, తాతలు, ఏదో నమ్మి నోరు విప్పినవాళ్ళు. వాళ్ళు ఏం చెప్పారో, వీళ్ళు ఏం రాశారో. నాకు కోపమొచ్చింది. ఆయన మీద కాదు. శుక్రవారం పేజీలు తిప్పుతూ ముచ్చటపడిన నా తెలివి మీద.

"వేలు తుడుచుకో అన్నా" అన్నాను. "ఆమె పెట్టిందే ఫోటోస్టాట్ తియ్. నాలుగు కాపీల్లో అతికియ్."

"సీటు పోతాది మల్ల."

"అతికియ్యన్నా!"

దుకాణంలో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆయన నవ్వు ఆపి ఫెవికాల్ తీశాడు.

సోమవారం వైవాకు బళ్ళారి నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ పేరు హేమ. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు. అందరిలా మొదటి పేజీ తెరవకుండా వెనక నుంచి తెరిచింది. తెలుగు చదవడం వచ్చు. అవ్వ రాయించిన ముక్కలన్నీ పైకే చదివింది.

దేవేంద్ర సారు ముఖం నల్లబడింది. "మేడమ్, ఈ అమ్మాయికి కొంచెం ఒత్తిడి..." అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు.

"ఆమెను చెప్పనివ్వండి" అని ఆమె నా వైపు తిరిగింది. "ఇది నిజమా?"

"నిజం మేడమ్. ఆ అయిదు వాక్యాలే నిజం. నాలుగో అధ్యాయం నిజం కాదు."

"మార్పించింది ఎవరు?"

"సారు మార్చమన్నారు. మార్చింది నేను."

ఆమె మెచ్చుకుంటుందని లోపలెక్కడో అనుకున్నాను కాబోలు. ఆమె థీసిస్ మూసి, కళ్ళు నలుపుకుని, "తప్పని తెలిసి బంగారు అక్షరాలు కొట్టించావు. ఆ ముసలామె పట్టుకోకపోతే ఈరోజు నవ్వుతూ కూర్చుని ఉండేదానివి. అంతా ఆయన మీద తోసెయ్యకు" అంది. "చెప్పినావిడే కాదంటున్న థీసిస్ మీద నేను సంతకం పెట్టలేను. ఆరు నెలల్లో మళ్ళీ రాసి తీసుకురా. ఆమె ఏం చెప్పిందో అది."

నిజం చెప్పినందుకు పడిన దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. బయటికి వచ్చాను.

వరండాలో దేవేంద్ర సారు వెనకే వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. "నా పరువు తీసినావు కదా. ఇరవై ఏండ్ల సర్వీసులో ఇట్లాంటిది జరగలేదు."

"నేను రాసింది కాదు సార్. ఆమె రాయించింది."

"నాకు తెలీదనుకున్న్యావా తిట్లంటే?" ఆయన గొంతు పైకి లేచి, మళ్ళీ చుట్టూ చూసి తగ్గింది. "మాది పామిడి పక్కన. మా అమ్మ పెన్న ఇసకలో నిలబడి ఇంతకంటే పచ్చిగా తిట్టేది. నాతో చదివే పిల్లోళ్ళు గట్టు మీద నిలబడి నవ్వేటోళ్ళు. నేను ఇంగ్లీషు చదివింది ఆ మాటలు వినపడనంత దూరం పోదామనే. నువ్వు తెచ్చి నా టేబుల్ మీదే పెట్టినావు."

ఇంకెవరైనా అయితే జాలిపడేవాళ్ళేమో. నాకు రాలేదు. "మీ అమ్మను చూసి నవ్వినోళ్ళను మీరేమన్నారు సార్?" అని అడిగాను. ఆయన చెయ్యి తీసేశాడు. స్టాఫ్ రూమ్‌లోకి పోయాడు.

ఇంటికి వెళ్ళేసరికి నాయన గొర్రెలకు మందు తాపుతున్నాడు. సంగతి చెప్పగానే సీసా నేలకేసి కొట్టాడు.

"నాలుగేండ్లు! నాలుగేండ్లు గొర్రెల వెంట నేను, పుస్తకాల వెంట నువ్వు. ఆ ముసిల్దాని నోటిదూల రాసేదానికా నిన్ను చదివించింది? సీటు పాయె కదా?"

"పాయె."

"నీకు దుఃఖం లేదా?"

"కోపముండాది నాయనా."

"ఎవురి మీద?"

నేను అవ్వ ఇంటికి నడిచాను. అదే గడప, అదే చింతపండు. లోపలికి ఒక కాలు పెట్టబోయాను.

"ఆడే ఆగు" అంది. "ఏమన్న్యారు?"

"మళ్ళా రాయమన్న్యారు. నువ్వు చెప్పిందే రాయాలంట."

"రాసినాక తెచ్చి ఇనిపియ్యి. అంతవరకూ నా గడప తొక్కొద్దు."

"అవ్వా, నా సీటు పోయింది."

"పోతే పోయింది. నా మాట పోయింటే?"

ఎక్కడ తెగిందో తెలియదు. అరిచాను. ఊరు ఊరంతా వినపడేలా అరిచాను. "నీకేమే ముసిల్దానా, వేలు నొక్కి గింజలు తీసుకుంటా కూచున్న్యావు! నీ మాట మోసుకోని నేను తిరిగినా రెండు నెలలు. సారు తిట్టె, ఆ మేడమ్ తిట్టె, మా నాయన సీసా పగలగొట్టె. నువ్వు గడప తొక్కనియ్యవా? తప్పు చేసినా. చేసినానని నలుగురిలో ఒప్పుకున్న్యా. నీకంటే ముందు నాకే తెలుసు అది తప్పని! ఇంగేం పీకమంటావు? నా తోలు ఒలిచి అట్ట వేయించమంటావా నీ తిట్లకు?"

బయమ్మ గోడ మీదికి వచ్చింది. ఇంకో ఇద్దరు వచ్చారు. ఊపిరి ఎగబీలుస్తూ ఆగాను.

అవ్వ చేతిలో పని ఆపి, చెవి ఒగ్గి శ్రద్ధగా వింటోంది.

"ఊఁ" అంది. "ఇంగా?"

"ఇంగేమీ లేదు!"

"ఉంటాది. తోలు, అట్ట, బాగుండాది." ఒక గింజ తీసి పక్కన వేసింది. "ఆపొద్దు నువ్వు రాసేటప్పుడు నీకు ఈ కోపం లేదు పాపా. ఉంటే ఆ సారు గీతలు గీసేటప్పుడే ఆయప్ప చెయ్యి పట్టుకుందువు." తల వంచుకుని మళ్ళీ పని మొదలుపెట్టింది. "గడప తొక్కొద్దన్న్యా. అరుగు మీద కూచోవద్దన్లేదు."

అరుగు మీద కూర్చున్నాను. బండ కాలుతోంది. గోడ మీది జనం ఒక్కొక్కరే దిగిపోయారు. కోపం తగ్గలేదు. తగ్గకముందే సంచిలోంచి తెల్లకాగితాలు తీసి, మోకాలి మీద అట్ట పెట్టుకుని, నాలుగో అధ్యాయం మొదటి వాక్యం రాయడం మొదలుపెట్టాను.